సిగరెట్ మానాలంటే వేప్ కావాలా?

‘ఇదే ఆఖరి సిగరెట్టు’ అని టీ కొట్టు దగ్గర ఎవరైనా అన్నారంటే పక్కనున్నవాళ్ల సలహా సిద్ధంగా ఉంటుంది: ‘వేప్ కొనుక్కో బావా, మెల్లగా అదే మానిపిస్తుంది’. విదేశాల్లో చదువుకునే పిల్లలు చెప్పారనో, రీల్స్‌లో చూశామనో ఈ మాట ఊరూరా తిరుగుతోంది. అందులో కొంత నిజం ఉంది. అయితే ఆ దారి మన దేశంలో మూసి ఉంది. తెరిచి ఉన్న దారి వీధి చివర మందుల షాపు దాకా వెళితే కనిపిస్తుంది. పొగ మానాలనుకునేవాళ్లు ముందుగా తెలుసుకోవాల్సింది దాని గురించే.

చంపేది పొగ, కట్టిపడేసేది నికోటిన్

పొగాకు కాలితే వచ్చే పొగలో ఏడు వేలకు పైగా రసాయనాలుంటాయి. వాటిలో డెబ్బై దాకా క్యాన్సర్ కారకాలే. తారు ఊపిరితిత్తుల్లో పేరుకుంటుంది. కార్బన్ మోనాక్సైడ్ రక్తంలో ఆక్సిజన్ చోటును ఆక్రమిస్తుంది. ఇంత హాని చేసేదాన్ని వదలనివ్వనిది మాత్రం నికోటిన్. దమ్ము లాగిన కొద్ది సెకన్లలో అది మెదడుకు చేరి హాయి కలిగిస్తుంది. రోజుకు పది సిగరెట్లు తాగేవారి మెదడుకు ఏడాదిలో వేలసార్లు ఈ హాయి అలవాటవుతుంది. అందుకే మానలేకపోయినవాళ్లను ‘మనసు గట్టిది కాదు’ అని నిందించడం అన్యాయం. వాళ్లకు కావాల్సింది చికిత్స. పొగను పూర్తిగా తీసేసి, నికోటిన్‌ను కొన్నాళ్లు కొలత ప్రకారం ఇస్తూ తగ్గించుకుంటూ రావడం ఆ చికిత్సలో ప్రధానమైన పద్ధతి.

వేప్ లోపల ఏముంది?

ఒక బ్యాటరీ, వేడెక్కే కాయిల్, ద్రవం నింపే చిన్న గది. ఇంతే దాని నిర్మాణం. ద్రవంలో ప్రొపిలీన్ గ్లైకాల్, గ్లిజరిన్, రుచికోసం కలిపే పదార్థాలు, చాలావాటిలో నికోటిన్ ఉంటాయి. నోటితో లాగినప్పుడు కాయిల్ వేడెక్కి ద్రవాన్ని ఆవిరిలా మారుస్తుంది. చైనాకు చెందిన ఫార్మసిస్టు హాన్ లిక్ 2003 ప్రాంతంలో ఈ పరికరానికి నేటి రూపునిచ్చారు. పొగాకు కాలదు కాబట్టి సిగరెట్ కంటే విషపదార్థాలు బాగా తక్కువ. అంతమాత్రాన ప్రమాదమే లేదనుకోకూడదు. దీర్ఘకాలంలో ఊపిరితిత్తుల మీద, గుండె మీద దాని ప్రభావం పూర్తిగా తేలాలంటే ఇంకా ఏళ్లు పడుతుంది.

బ్రిటన్‌లో 886 మందితో జరిగిన ఒక అధ్యయనం 2019లో వెలువడింది. ఏడాది తర్వాత చూస్తే వేప్ వాడినవారిలో 18 శాతం మంది, నికోటిన్ గమ్, ప్యాచ్‌ల వంటివి వాడినవారిలో 9.9 శాతం మంది సిగరెట్‌కు దూరంగా ఉన్నారు. కానీ వేప్‌తో మానినవారిలో 80 శాతం మంది అప్పటికీ వేప్ పీలుస్తూనే ఉన్నారు. అంటే సిగరెట్ పోయింది, నికోటిన్ మిగిలింది. అక్కడి ప్రభుత్వం 2023లో పది లక్షల మంది పొగరాయుళ్లకు వేప్ కిట్లు ఇస్తామని ప్రకటించింది. అదే దేశం పిల్లలు అలవాటు పడుతున్నారని, చెత్త పెరిగిపోతోందని ఒకసారి వాడి పారేసే వేప్‌లను 2025 జూన్ నుంచి నిషేధించింది. అక్కడ ద్రవంలో నికోటిన్ మిల్లీలీటరుకు 20 మిల్లీగ్రాములు దాటకూడదన్న నిబంధన కూడా ఉంది.

మన చట్టం ఏమంటోంది?

మన దేశంలో 2019 సెప్టెంబరులో ఆర్డినెన్సు, డిసెంబరులో చట్టం వచ్చాయి. ఈ-సిగరెట్ల, అంటే వేప్‌ల తయారీ, దిగుమతి, రవాణా, అమ్మకం, నిల్వ, ప్రకటనలు అన్నీ నిషిద్ధం. అమ్మినవారికి తొలి నేరానికి ఏడాది వరకు జైలు, లక్ష రూపాయల వరకు జరిమానా పడవచ్చు. కాబట్టి ఇక్కడ చాటుగా చేతులు మారేదంతా దొంగ సరుకే. అందులో నికోటిన్ ఎంతుందో, ఇంకేం కలిపారో చెప్పే నాథుడు లేడు. దొంగ సరుకు ఏం చేయగలదో 2019లో అమెరికా చూసింది. ఊపిరితిత్తులు దెబ్బతిని 2,800 మందికి పైగా ఆసుపత్రుల పాలయ్యారు, 68 మంది చనిపోయారు. చాలా కేసుల్లో కారణం, గంజాయి సారంతో అక్రమంగా తయారుచేసిన ద్రవాల్లో కలిపిన విటమిన్-ఇ ఎసిటేట్.

తెరిచి ఉన్న దారి

ప్రపంచ ఆరోగ్య సంస్థ 2024లో పొగాకు మాన్పించే చికిత్సపై మార్గదర్శకాలు వెలువరించింది. నికోటిన్ గమ్, ప్యాచ్‌ల వంటివి, వరెనిక్లిన్, బుప్రోపియాన్, సైటిసిన్ మందులు, వాటికి తోడు కౌన్సెలింగ్ అందులో ఉన్నాయి. మందులను డాక్టరు సలహాతోనే వాడాలి.

రెండు మిల్లీగ్రాముల నికోటిన్ గమ్ మన మందుల షాపుల్లో చీటీ లేకుండా దొరుకుతుంది. నిద్రలేచిన అరగంటలోపే సిగరెట్ వెలిగించేవారికి నాలుగు మిల్లీగ్రాములది అవసరం కావచ్చు. దానికి డాక్టరును అడగాలి. చాలామంది గమ్ పనిచేయలేదనడానికి కారణం దాన్ని మామూలు బబుల్‌గమ్‌లా గబగబా నమలడం. అలా చేస్తే నికోటిన్ కడుపులోకి పోయి వికారం పుడుతుంది. నాలుక చురుక్కుమనేదాకా నెమ్మదిగా నమిలి, చిగురుకూ బుగ్గకూ మధ్య నొక్కి ఉంచాలి. చురుకు తగ్గాక మళ్లీ కాస్త నమలాలి. ఇలా అరగంట. దానికి పావుగంట ముందు నుంచి కాఫీ, కూల్‌డ్రింకులు తాగొద్దు. గర్భిణులు, ఈమధ్యే గుండెపోటు వచ్చినవారు డాక్టరును కలిశాకే వాడాలి.

మొదటి నెల

చిరాకు, నిద్రలేమి, తలనొప్పి తొలి రెండు మూడు రోజుల్లో ఎక్కువగా ఉంటాయి. మూడు నాలుగు వారాల్లో నెమ్మదిస్తాయి. నాలుక పీకే ఒక్కో దఫా కొన్ని నిమిషాలే. ఆ కాసేపూ నీళ్లు తాగాలి, దీర్ఘంగా ఊపిరి తీయాలి, చోటు మారాలి. టీతోపాటు సిగరెట్ అలవాటున్నవారు కొన్నాళ్లు ఆ కొట్టు వైపు వెళ్లకపోవడం మేలు. ఒకటి తాగేశారా? మర్నాటి నుంచి మళ్లీ మొదలుపెట్టండి. బీడీ, చుట్ట తాగేవాళ్లకూ ఇదే చికిత్స. సిగరెట్ మాని ఖైనీకో గుట్కాకో మళ్లితే మాత్రం మానినట్టు కాదు.

ఇంట్లోవాళ్లు ఈ నెల రోజులు మానేస్తున్న మనిషి కసురుకున్నా కాస్త ఓర్చుకోవాలి. ఆ చిరాకు నికోటిన్ అందక పుట్టిందే.

మానిన 20 నిమిషాలకే గుండె వేగం తగ్గడం మొదలవుతుంది. ఏడాదికి గుండెజబ్బు ముప్పు, పొగ తాగేవారితో పోలిస్తే సగానికి వస్తుంది. ముందుగా తేదీ పెట్టుకోండి, ఇంట్లో చెప్పండి, గమ్ తెచ్చిపెట్టుకోండి. ఆ పైన జాతీయ క్విట్‌లైన్ 1800-11-2356కు ఫోన్ చేయండి. పైసా ఖర్చు లేదు. సిగరెట్ పెట్టె మీద హెచ్చరికతోపాటు అచ్చువేసిన నంబరు అదే.