నెల పేరు నోట నిలవాలంటే

శనివారం చీకటి పడి విశ్రాంతి దినం ముగిశాక యూదులు సమాజమందిరం నుంచి ఆరుబయటికి వస్తారు. పెరుగుతున్న చంద్రుణ్ని చూస్తూ, నిలబడి ‘కిద్దుష్ లెవానా’ ప్రార్థన చదువుతారు. స్తుతి చంద్రుడికి కాదు, అతణ్ని నెలనెలా కొత్తగా చేసే దేవుడికి. అమావాస్య తర్వాత కనీసం మూడు రోజులు ఆగి, పున్నమిలోపు దీన్ని పూర్తి చేస్తారు. పక్కవారిని ‘షాలోమ్ అలేఖెమ్’ (మీకు శాంతి) అని పలకరిస్తారు.

పూర్వం ఇద్దరు సాక్షులు నెలవంకను చూశామని చెబితే యెరూషలేము న్యాయసభ కొత్త నెలను ప్రకటించేది. కొండల మీద మంటలు వేసి దూరప్రాంతాలకు కబురు పంపేవారు. తర్వాత లెక్కగట్టిన పంచాంగం వచ్చింది. మన అధికమాసంలాగే అందులోనూ 19 ఏళ్లలో 7 నెలలు అదనంగా చేరతాయి. అయినా నెల మొదలయ్యే ముందు శనివారం ఆ నెల పేరును మందిరంలో అందరికీ వినిపిస్తారు. ఏడాది మొదటి నెల తిష్రీకి మాత్రమే ఈ ప్రకటన ఉండదు. దేశదేశాల్లో, వేరే క్యాలెండర్ల మధ్య బతికినా వారి నెలల పేర్లు ఇలా నోట నిలిచాయి.

తమిళనాట సౌరమాసాల మధ్య పెరిగే మన పిల్లలకు చైత్రం, వైశాఖం ఎవరు వినిపించాలి? అమావాస్య మర్నాడు బడి ప్రార్థనలో కొత్త నెల పేరు ఒక విద్యార్థితో చెప్పించండి. ఆ తర్వాత రెండు మూడు రోజుల్లో, సాయంత్రం ఇంటి ముందు నెలవంకను చూపించండి.