చెవికి ఒకటే, కంటికి వేరు!

మీ స్నేహితుణ్ణి పిలిచి "ఐ రైట్ విత్ మై రైట్ హ్యాండ్" అని పైకి చదవండి. విన్నది విన్నట్టు ఇంగ్లీషులో రాయమనండి. 'నేను కుడిచేత్తో రాస్తాను' అని దాని అర్థం. 'రైట్' అనే మాట రెండుసార్లు వినిపించింది కదూ? మొదటిదాన్ని డబ్ల్యు-ఆర్-ఐ-టి-ఇ అని రాయాలి. రెండోదాన్ని ఆర్-ఐ-జి-హెచ్-టి అని రాయాలి. చెవికి తేడా లేదు. అయినా మీ స్నేహితుడు సరిగ్గానే రాసి ఉంటాడు. ఎలా? 'ఐ' తర్వాత క్రియ రావాలి, 'హ్యాండ్' ముందు అది ఏ చెయ్యో చెప్పే మాట రావాలి. అంటే దారి చూపింది వాక్యమే!

ఇలా ఒకేలా వినిపించి, అర్థం వేరుగా ఉండే మాటలను 'హోమోఫోన్లు' అంటారు. గ్రీకు భాషలో 'హోమోస్' అంటే ఒకటే, 'ఫోనె' అంటే ధ్వని.

మరి ఒకే ధ్వనికి ఇన్ని స్పెల్లింగులు ఎందుకు? ఒకప్పుడు అవి ఒకే ధ్వని కావు! ఆరేడు వందల ఏళ్ల క్రితం ఇంగ్లండులో 'రాయు' అనే మాటలోని డబ్ల్యును పలికేవారు. 'కుడి' అనే మాటలోని జి-హెచ్‌ను గొంతులోంచి 'ఖ్' లాగా పలికేవారు. 1476లో విలియం కాక్స్టన్ ఇంగ్లండులో మొదటి అచ్చుయంత్రం నెలకొల్పాడు. పుస్తకాలు పెరిగేకొద్దీ స్పెల్లింగులు స్థిరపడుతూ వచ్చాయి. నాలుకకు మాత్రం ఆ కట్టుబాటు లేదు! ఉచ్చారణ మారుతూనే పోయింది. వేరు వేరు ధ్వనులు ఒకటిగా కలిసిపోయాయి, పాత అక్షరాలు అలాగే మిగిలాయి.

ఈ వింత మన తెలుగులోనూ జరిగింది. 'తరుగు' అంటే తగ్గిపోవడం. కూరగాయలు కోసే 'తఱుగు'ను పూర్వం బండి ఱతో రాసేవారు. ర, ఱ ఒకప్పుడు వేరు ధ్వనులు. పలకడంలో తేడా పోయాక మనం రాతలోనూ ఱను దాదాపు వదిలేశాం. ఇంగ్లీషువారు పాత రాతను వదల్లేదు, అంతే!

ఈ మాటలు నవ్వుకోవడానికే అనుకోకండి. 1989 ఫిబ్రవరి 19న ఒక సరుకుల విమానం మలేషియాలోని కౌలాలంపూర్ దగ్గర దిగబోతోంది. 2,400 అడుగుల ఎత్తుకు దిగమని చెప్పడానికి కంట్రోలరు 'టూ ఫోర్ జీరో జీరో' అన్నాడు. ఇంగ్లీషులో 'టూ' అంటే రెండు, 'కు' అనే అర్థమిచ్చే మాట కూడా 'టూ'యే! విమానంలోనివారు దాన్ని '400కు' అని అర్థం చేసుకున్నారు. వారు తిరిగి చెప్పిన అంకెలోని పొరపాటును ఎవరూ సరిదిద్దలేదు. విమానం కొండను ఢీకొంది. అందులోని నలుగురూ మరణించారు. ప్రమాదానికి వేరే లోపాలూ తోడయ్యాయి. కాని 'టూ థౌజండ్ ఫోర్ హండ్రెడ్' అని విడమరచి చెప్పి ఉంటే ఆ అపార్థానికి చోటుండేది కాదు.

గమనించారా? 'రైట్' వాక్యంలో ఒక్కోచోట ఒక్క అర్థమే ఇమిడింది. ఇక్కడ రెండూ ఇమిడాయి. అందుకే హోమోఫోన్‌ను వాడేటప్పుడు పక్కన ఉండే మాటలు ఒక్క అర్థానికే తావిచ్చేలా చూసుకోవాలి.

గుర్తుంచుకోవడానికి ఒక చిట్కా. 'వినడం' అనే అర్థమున్న 'హియర్'లో చెవి, అంటే ఇ-ఎ-ఆర్ దాగి ఉంది. 'ఇక్కడ' అనే 'హియర్'లో అది లేదు!

ఇక మీ వంతు. ఈ వాక్యాలను ఇంగ్లీషులో రాయండి:

1. హి వజ్ వీక్ ఫర్ ఎ వీక్.
2. ద విండ్ బ్లూ మై బ్లూ క్యాప్.
3. ఐ కెన్ సీ ద సీ.

జవాబులు: 1. బలహీనుడు: డబ్ల్యు-ఇ-ఎ-కె, వారం: డబ్ల్యు-ఇ-ఇ-కె. 2. గాలి వీచింది: బి-ఎల్-ఇ-డబ్ల్యు, నీలం: బి-ఎల్-యు-ఇ. 3. చూడు: ఎస్-ఇ-ఇ, సముద్రం: ఎస్-ఇ-ఎ.

అన్నీ సరిపోయాయా? అయితే ఇలాంటి వాక్యం ఒకటి మీరే తయారు చేసి, రేపు మీ తరగతిలో అందరి చెవులనూ పరీక్షించండి!