రోడ్డు మార్గాన్ని ఎలా నిర్ణయిస్తారు? పాల సంఘాలు తెలుసుకోవలసిన సంగతులు

మంచిర్యాల నుంచి బెల్లంపల్లి, ఆసిఫాబాద్ మీదుగా మహారాష్ట్ర సరిహద్దుకు పోయే 363వ జాతీయ రహదారిని చాలావరకు పాత రోడ్డు వెంటనే వెడల్పు చేసి నాలుగు వరుసలుగా మార్చారు. అదే నాగ్‌పూర్–విజయవాడ మార్గంలో మంచిర్యాల నుంచి వరంగల్ దాకా మాత్రం 108 కిలోమీటర్ల కొత్త రోడ్డుకు 2023 జూలై 8న శంకుస్థాపన జరిగింది. ఒకచోట పాత దారి, మరొకచోట కొత్త దారి ఎందుకని సంఘాల తనిఖీకి వెళ్ళినప్పుడు సభ్యులు మమ్మల్ని అడుగుతుంటారు.

ఇంజనీర్లు మొదట పటం మీద రెండు మూడు మార్గాలు గీస్తారు. ఒక్కొక్క మార్గంలో దూరం ఎంత తగ్గుతుంది, ఎంత పట్టా భూమి పోతుంది, ఎన్ని ఇళ్ళు పోతాయి, వాగులపై ఎన్ని వంతెనలు కావాలి, అడవి ఎంత తగులుతుంది, ఖర్చెంత అనేవి పక్కపక్కన పెట్టి పోల్చుతారు. మన ప్రాంతంలో మరి రెండు చిక్కులున్నాయి. సింగరేణి గనుల్లో బొగ్గు తీసిన చోట పైనేల కుంగవచ్చు. 2012లో ఏర్పడిన కవ్వాల్ టైగర్ రిజర్వ్‌కూ, మహారాష్ట్రలోని తాడోబా అడవికీ మధ్య పులులు తిరిగే దారులున్నాయి.

పాత రోడ్డును వెడల్పు చేస్తే భూమి తక్కువ పోతుంది. కాని ఊళ్ళలో ఇళ్ళు, దుకాణాలు పోతాయి. కొత్త దారి వేస్తే ఇళ్ళు మిగులుతాయి, దూరం తగ్గుతుంది. మంచిర్యాల–వరంగల్ మధ్య సుమారు 34 కిలోమీటర్లు తగ్గుతుందని అంచనా. అయితే పొలాలు రెండు ముక్కలవుతాయి. ఇటువంటి కొత్త రోడ్డును ఎక్కాలన్నా, దాటాలన్నా నిర్ణయించిన చోట్లనే వీలవుతుంది. కొట్టం ఒకవైపు, పచ్చిక మరొకవైపు ఉన్న సభ్యునికి అసలు కష్టం ఇక్కడే.

ట్రాఫిక్ లెక్క సాధారణంగా ఏడు రోజులు, రాత్రింబవళ్ళు తీస్తారు. ఆ లెక్కలో కారు ఒకటైతే, సైకిలు అర, లారీ మూడు, ఎడ్లబండి ఆరు నుంచి ఎనిమిది. కాని అది వాహనాల లెక్క. పొద్దున, సాయంత్రం రోడ్డు దాటే బర్రెలు అందులోకి రావు. వాటి లెక్క చెప్పవలసింది మనమే.

కాబట్టి సర్వే మొదలైందని తెలియగానే సంఘం ఒక తీర్మానం చేయాలి. ఏ చోట ఎన్ని పశువులు దాటుతాయి, అవతలి వైపు సభ్యులెందరు, పూటకు ఎన్ని లీటర్ల పాలు వస్తాయి, పాల వ్యాను ఏ వేళకు వస్తుంది అన్నది అందులో రాయాలి. పశువులకు అండర్‌పాస్, వ్యానుకు సర్వీసు రోడ్డు కావాలని కోరుతూ పంచాయతీ ద్వారా రహదారి అధికారులకు పంపాలి.

పర్యావరణ అనుమతి అవసరమైన రోడ్డుకు బహిరంగ విచారణ జరపవలసి ఉంటుంది. దానికి కనీసం 30 రోజుల ముందు ప్రకటన ఇస్తారు. నివేదిక సారాంశం తెలుగులో కలెక్టరు కార్యాలయంలో దొరుకుతుంది. స్థానికులెవరైనా అక్కడ మాట్లాడవచ్చు. వారి మాట రికార్డు అవుతుంది. తరువాత 1956 జాతీయ రహదారుల చట్టం కింద భూసేకరణ ప్రకటన వెలువడుతుంది. భూమిపై హక్కున్నవారు ఆ తేదీ నుంచి 21 రోజుల్లో రాతపూర్వకంగా అభ్యంతరం తెలపాలి. ఈ గడువు దాటితే సాధారణంగా మిగిలేది పరిహారం మాటే.

రోడ్డు పూర్తయ్యాక అండర్‌పాస్ కోసం తిరగడం కంటే, పటం దశలోనే ఒక కాగితం పెట్టుకోవడం మేలు. వచ్చే పాలకవర్గ సమావేశంలోనే పశువులు దాటే చోట్ల లెక్క రాసి, మినిట్సు పుస్తకంలో చేర్చి ఉంచుకోండి.