చుంబే దీవిలోని అతిథిగృహము

సెలవులలో కుటుంబసమేతముగా సముద్రతీరమునకు బోయి రెండు మూడు దినములు గడపివచ్చుట యిప్పుడు మనదేశమునను పరిపాటియైనది. అట్టివారికొఱకు కట్టబడిన బసలలో ‘ఎకో-లాడ్జి’ యను పేరు ఈ నడుమ తఱచుగా వినబడుచున్నది. చుట్టునున్న నేలకును, నీటికిని, ప్రాణులకును హాని కలుగనీయని అతిథిగృహమని దాని భావము. పేరు పెట్టుకొనుట సులభమే. వెదురు కుర్చీలు నాలుగు వేసి, గోడలకు పచ్చరంగు పూసి, ఆ పేరు తగిలించుకొన్న హోటళ్లు లేకపోలేదు. నిజముగా ఆ పేరునకు దగిన యింటిలో నీరెచ్చటినుండి వచ్చును, మురుగెచ్చటికి పోవును, అతిథి యిచ్చు సొమ్ము ఎవరికి చేరును అను సంగతులను ఒక్క దృష్టాంతముతో వివరింపదలచితిమి. ఆ దృష్టాంతము తూర్పు ఆఫ్రికా తీరమున జాంజిబారు చెంతనున్న చుంబే యను చిన్న దీవి.

జాంజిబారు ద్వీపములు టాంజానియా రాజ్యములోనివి. అందు పెద్దదగు ఉంగూజాలోని జాంజిబారు నగరమునకు దక్షిణముగా సుమారు 12 కిలోమీటర్ల దూరమున, భూమధ్యరేఖకు ఆరు డిగ్రీల దిగువను, చుంబే యున్నది. పొడవు ఒక కిలోమీటరునకు కొంచెము పైచిలుకు. వెడల్పు మూడువందల మీటర్ల ప్రాంతము. ఓడలకు దారి చూపుటకై ఆంగ్లేయులు 1904లో ఇచ్చట దీపస్తంభమును కట్టించిరి. దానిని కనిపెట్టుకొనియుండు వాని కొఱకు ఒక యిల్లును, ఒక చిన్న మసీదును వెలసినవి. తరువాత దీపము తనంతట తానే వెలుగునట్లు అమర్చుటచే కావలివాని యవసరము తీరి, ఆ యిల్లు పాడుపడెను. ఊరు లేదు, వాగు లేదు, మంచినీటి బావి లేదు. ఏలయనగా ఆ దీవి యంతయు పూర్వకాలపు పగడపు రాయి. పడిన వాన ఆ రాతి రంధ్రములగుండ దిగిపోవునేగాని నిలువదు. అయినను దానిపై దట్టమైన యడవి పెరిగియున్నది. ఆ యడవిలోని బావోబాబ్ వృక్షములవంటి దానిని మనవారు చూడగోరినచో ఆఫ్రికాకు పోనక్కఱలేదు. గోలకొండ నయాఖిల్లాలో ‘హతియాన్’ అని పిలువబడు మహావృక్షము ఆ జాతిదే.

చుంబేకు ఎదుటి గట్టుననున్న ఎంబ్వేనీ అను చోట, 1870 తరువాతి దశాబ్దములో, ఒక క్రైస్తవ మిషను వారు దాస్యమునుండి విడిపింపబడినవారిని నివసింపజేసి బాలికలకు బడి నడపిరి. ఆ భవనపు శిథిలములను నేటికిని చూడవచ్చును. ఇది మా విషయమునకు సంబంధించినది గాదుగాని, మిషను పాఠశాల పత్రికలో ఆ మాట వ్రాయక ముందునకు సాగుటకు మనసొప్పకున్నది.

ఇక పగడము మాట. మనము నవరత్నములలో నొకటిగా దానిని ఎఱుగుదుము, ఉంగరములలో పొదుగుదుము. పగడమనునది రాయియా, చెట్టా, జంతువా యని తరగతిలో అడిగినపుడెల్ల ముప్పాతికమంది ‘రాయి’ అందురు. సముద్రములో కొమ్మలు వేయునని విన్నవారు ‘చెట్టు’ అందురు. అది జంతువు. ఆభరణముల ఎఱ్ఱపగడము లోతునీటిలో పెరుగు వేఱొక తెగ. చుంబే చుట్టు నున్నవి దిబ్బలు కట్టు రాతిపగడములు. ఒక్కొక్క ప్రాణి సామాన్యముగా గింజంత చిన్నది. మెత్తని సంచివంటి దేహము, నోటిచుట్టు సన్నని చేతులు. అది సముద్రజలమునుండి సున్నమును గ్రహించి తన క్రింద గట్టి గిన్నెవలె కట్టుకొనును. అట్టివి కోట్లకొలది ఒకదాని ప్రక్క నొకటి కట్టుకొనుచు పోగా దిబ్బ యేర్పడును. దాని దేహములోపల కంటికి కానరాని నాచుకణములు కాపురముండి, ఎండ సహాయమున ఆహారము వండి, యింటి యజమానికి పెద్దపాలు పెట్టును. పగడమునకు రంగు నిచ్చునవియు ముఖ్యముగా ఆ నాచుకణములే. నీరు తేటగా నుండవలె ననుటకు ఇదే కారణము. మురికినీటిలో ఎండ దిగదు, ఎండలేనిదే వంటలేదు.

చుంబే పడమటి ప్రక్కనున్న దిబ్బపై రెండువందలకు మించిన రాతిపగడపు జాతులును, నాలుగువందలకు మించిన చేపల జాతులును లెక్కకు వచ్చినవి. అది యింత చెడకుండుటకు మొదటి కారణము ఎవరి దయయు గాదు. అచ్చటి కాలువ ఓడలు పోవు దారి. చేరువనే సైనికుల తావు. కావున చిన్నపడవల జాలరులు అటు తఱచుగా పోకుండిరి. 1991 ప్రాంతమున సిబిల్ రీడ్‌మిల్లర్ అను జర్మను విదుషి యీ దిబ్బను చూచి, దీనిని కాపాడవలెనని పూనుకొనెను. 1994లో జాంజిబారు ప్రభుత్వము దిబ్బను రక్షిత ప్రదేశముగను, అడవిని రక్షితారణ్యముగను ప్రకటించెను. అతిథిగృహము 1998లో తెరవబడెను. నడుమ గడచిన సంవత్సరములు అనుమతులకును, కట్టడమునకును పట్టినవి. రాయి, కఱ్ఱ, సున్నము, త్రాగునీరు సమస్తమును పడవలలో తేవలసిన చోట, గోతులు త్రవ్వక, చెట్లు కొట్టక ఇల్లు కట్టుట యెంత కష్టమో చదువరులు ఊహింపగలరు.

బంగళాలు ఏడు మాత్రమే. క్రింద కూర్చుండు గదియు స్నానపు గదియు. మీద, కప్పు క్రింద అటకవంటి పడకచోటు. దూలములకు మడకఱ్ఱ, సరుగుడు. కప్పునకు అల్లిన కొబ్బరాకు. పడకచోటి ముందుగోడను త్రాళ్లతో దించినచో సముద్రపుగాలి తిన్నగా లోనికి వచ్చును, పంకాతో పనిలేదు.

ఆ పెద్ద కప్పే వారి చెఱువు. వానకాలమున కప్పుపై పడిన నీరు వడపోతగుండ పోయి, నేల క్రింది తొట్టిలో నిలువయుండును. అచ్చటినుండి చేతిపంపుతో పైకెక్కించి, ఎండవేడిమితో కాచి స్నానమునకు వాడుదురు. మన విద్యార్థులు ఈ లెక్కను పలకమీద చేసి చూతురుగాక. ఒక చదరపు మీటరు కప్పుపై ఒక మిల్లీమీటరు వాన పడినచో ఒక లీటరు నీరగును. జాంజిబారులో సాలునకు సుమారు 1600 మిల్లీమీటర్ల వాన. నూఱు చదరపు మీటర్ల కప్పు అనుకొన్నయెడల 1,60,000 లీటర్లు! ఇంత నీరుండగా పొదుపేల యని తోచును. చిక్కు వానలో లేదు, తొట్టిలో నున్నది. వాన యేడాది పొడుగున సమముగా పడదు. మార్చి మొదలు మే వఱకు పెద్దవానలు, సంవత్సరాంతమున చిన్నవానలు, జూను మొదలు సెప్టెంబరు వఱకు 122 దినములు మిక్కిలి కొఱత. తొట్టిలో 20,000 లీటర్లు పట్టుననుకొందము. ఇంటిలో నలుగురు, తలకు దినమునకు 50 లీటర్లు వాడినచో 100 దినములలో తొట్టి అడుగంటును. 40 లీటర్లు వాడినచో 125 దినములు వచ్చును. నడుమ పడు జల్లులను విడిచిపెట్టి చూచినను, తలకు పది లీటర్లు, అనగా ఒక చిన్న బిందెడు నీరు, ఆ కఱవును దాటించుచున్నది. ఈ అంకెలు మేము లెక్కకొఱకు కల్పించుకొన్నవే. కాని ఆ యింటి యిబ్బంది సరిగా నీ తీరుదే. మన హాస్టళ్లలో కుళాయి విప్పి పండ్లు తోముకొను బాలురు దీనిని మఱియొకమాఱు చదువుట మంచిది.

స్నానపు నీరును సముద్రములోనికి విడువరు. సబ్బులోని పదార్థములు పగడములపై నాచును పెంచి వానిని ఊపిరాడకుండ చేయును గనుక, ఆ నీటిని ఇసుక, గులకరాళ్లు గల మడిలోనికి పంపి, ఎరువును ఎక్కువగా పీల్చు మొక్కలను అందు పెంచుదురు. మరుగుదొడ్డికి నీరు పోయరు. మలముపై ఎండుటాకులను, మట్టిపొడిని చల్లుచుందురు. పొడుగాటి గొట్టము గాలిని లాగి వాసనను పైకి కొనిపోవును. కొన్నాళ్లకు అదియంతయు చివికి ఎరువగును. వినువారు ముక్కు మూసికొనవచ్చునుగాని, సముద్రములో కలుపుటకంటె ఇదియే శుభ్రమైన పద్ధతియని మా యభిప్రాయము. దీపములకు కప్పుపై పలకలు ఎండను విద్యుత్తుగా మార్చి యిచ్చును. బాటల వెంట దీపములుండవు. రాత్రి సంచరించు ప్రాణులు బెదరకుండుటకై అతిథులు టార్చిలైటు పట్టుకొని నడువవలెను.

పిల్లలతో వచ్చిన కుటుంబమునకు అచ్చట దినచర్య గడియారమును బట్టి గాక, సముద్రపు పోటుపాటులను బట్టి సాగును. పాటు సమయమున నీరు వెనుకకు తీసినప్పుడు గట్టునున్న గుంటలలో నక్షత్రచేపలను, నత్తలను చూడవచ్చును. పోటునకు మునుపో వెనుకనో, కంటికి అద్దము, నోటికి గాలిగొట్టము తగిలించుకొని, మార్గదర్శకుని వెంట దిబ్బపై తేలుచు పోవుదురు. దేనిని ముట్టరాదు, దేనిపై నిలువరాదు. చిలుకచేప పగడపు రాతిని కొఱికి, నమలి, తెల్లని యిసుకగా విడుచుటను అప్పుడు చూడవచ్చును. కొఱుకు చప్పుడు నీటిలో చక్కగా వినబడును. రాత్రి అడవిబాటలో కొబ్బరిపీతలు వెలువడును. నేలపై బ్రతుకు పీతలలో దీనిని మించినది లేదు. నాలుగు కిలోగ్రాముల వఱకు తూగును. కాళ్లు చాచినచో ఒక మీటరు. అనేక దీవులలో మనుష్యులు తినివేయుటచేత తగ్గిపోయిన యీ ప్రాణి ఇచ్చట నిర్భయముగా తిరుగుచున్నది. ఏడర్స్ డైకర్ అను అరుదైన చిన్న జాతి మృగమును గూడ తెచ్చి యీ యడవిలో విడిచిరి.

అతిథి యిచ్చు ధనము అల్పము గాదు. అది ఎచ్చటికి పోవునను ప్రశ్నకు సమాధానమే యీ దీవి గొప్పతనము. కావలివారిలో పలువురు చుట్టుపట్ల గ్రామముల జాలరులుగా నుండినవారు. వారి చేత తుపాకి లేదు. వల వేయవచ్చిన పడవను సమీపించి, “ఇది చేపలు పిల్లలు పెట్టు చోటు, ఇచ్చట పెరిగినవి హద్దు దాటి మీ వలలలోనికే వచ్చును” అని నచ్చజెప్పుటయే వారి పని. తోటి జాలరి మాట అధికారి మాటకంటె చెవికెక్కును.

రెండవది బడిపిల్లలు. సముద్రము నడుమ పుట్టిపెరిగినను జాంజిబారు పిల్లలలో, ముఖ్యముగా బాలికలలో, ఈదనేర్చినవారు తక్కువ. వారి పాఠ్యక్రమములో పగడపు దిబ్బల సంగతి ఉండెడిది గాదు. పెద్దలు వానిని రాళ్లు, బండలు అని పిలిచెడివారు. తమ తండ్రుల జీవనమునకు ఆధారమైన ప్రాణిని వారును మన పిల్లలవలెనే రాయి యనుకొనిరి! అతిథుల సొమ్ముతో నడచు ఏర్పాటుచే వేలకొలది విద్యార్థులు ఉపాధ్యాయులతో కూడ ఉచితముగా చుంబేకు వచ్చి, తేలుటకు సహాయపు కోట్లు తొడిగికొని, నీటిలోనికి తలవంచి ఆ దిబ్బను కన్నులార చూచిరి. పాడుపడిన కావలివాని యిల్లు ఇప్పుడు విద్యాకేంద్రమైనది. ఉపాధ్యాయ వృత్తిలో నున్న మాకు ఏడు బంగళాలకంటె ఇదియే యెక్కువ ముచ్చట గొలిపినది.

ఇందు లోపము లేదని మేము చెప్పజాలము. సముద్రజలము మామూలు వేసవి వేడిమికంటె ఒక డిగ్రీ హెచ్చి కొన్ని వారములు నిలిచినచో, పగడము తనలోని నాచుకణములను వెళ్లగొట్టి తెల్లబడును. వేడి తగ్గనిచో ఆకలిచే చచ్చును. లాడ్జి తెరచిన 1998లోనే హిందూమహాసముద్రమున అట్టి యుపద్రవము వచ్చెను. 2016లో మరల వచ్చెను. కావలివారు వలను ఆపగలరు గాని వేడిని ఆపలేరు. ఆ వేడికి కారణమైన పొగలో, చుంబేకు అతిథులను తెచ్చు విమానముల పొగయు నున్నది. చేతిపంపుతో నీరు తోడుకొని ఆదా చేసినదానిని దూరదేశపు ప్రయాణము మ్రింగివేయుననుట కాదనరాని మాట. అయినను అతిథి రానిచో కావలి లేదు, బడిపిల్లల పడవ లేదు. 2020లో కోవిడ్ వ్యాధిచే ప్రయాణములు నిలిచిపోగా, అతిథుల రాబడిపై బ్రతుకు రక్షిత ప్రదేశములన్నియు ఎట్టి చిక్కున పడినవో లోకమెఱుగును. చుట్టుపట్ల దేశముల వారు వచ్చి, తక్కువ దూరము ప్రయాణించి, ఎక్కువ దినములు నిలుచుట కొంత మేలని మాకు తోచుచున్నది.

ఇట్టి దీవులకు పిల్లలతో పోదలచిన తలిదండ్రులకు రెండు మూడు మాటలు. ఎండ తగులకుండ పూసికొను లేపనములలో కొన్నింటియందు పగడములకు హానిచేయు ద్రవ్యములున్నవి. హవాయి రాష్ట్రము 2021 నుండి అట్టివాని అమ్మకమును నిషేధించినది. లేపనమునకు బదులు పొడుగుచేతుల చొక్కా తొడిగించి నీటిలోనికి దింపుట మేలు. గవ్వలను ఏరి తేనీయరాదు. ఖాళీ గవ్వలో సన్యాసిపీత కాపురముండును, లేదా రేపు వెదకికొనుచు వచ్చును. మేడమీది పడకచోట చిన్నపిల్లలను ఒంటరిగా విడువరాదు. రాత్రి చెప్పులను వాకిట వదలరాదు. కొబ్బరిపీతకు దొంగపీత యని మఱియొక పేరు కలదు, దొరికినదానిని ఎత్తుకొనిపోవును.