చవక కెమెరా... చదవలేని మెనూ!
విదేశీ వీడియో కెమెరా బేరంలో లాభమెంత? చిక్కులెన్ని?

ఎచ్చెర్ల:
మాఘం, ఫాల్గుణం, వైశాఖం. వీడియో స్టూడియో నడుపుకునే వారికి ఏడాది తిండిగింజలు ఈ ముహూర్తాల్లోనే రావాలి. ఎచ్చెర్ల నుంచి రణస్థలం దాకా జాతీయ రహదారి వెంబడి, లోపలి ఊళ్లలోనూ పెళ్లిళ్లు, అమ్మవారి పండగలు, ఓణీల వేడుకలు చిత్రీకరించి బతికే యువకులు ఎందరో ఉన్నారు. ఒక చిన్న గది, ఒక కంప్యూటరు, ఒక కెమెరా. పెట్టుబడి అంతా అదే. అందులో కెమెరాయే కాడెద్దు.

ఇలాంటి ఇంటికి విదేశం నుంచి ఒక ఫోను వస్తుంది. జిల్లా నుంచి గల్ఫ్‌కు, సింగపూర్‌కు, ఓడల్లో పనికి వెళ్లినవారు తక్కువేమీ కాదు. "బావా, ఇక్కడ జపాన్ కెమెరా ఒకటి చవగ్గా దొరుకుతోంది. కొత్తదానిలాగే ఉంది. మెనూ మాత్రం జపాన్ భాషలో ఉందట. తెమ్మంటావా, వద్దంటావా?" అని అవతలి నుంచి ప్రశ్న. సాయంత్రంలోగా జవాబు చెప్పాలి. ఇంట్లో ఉన్నది చీటీ పాడగా వచ్చిన డబ్బు, లేదా అమ్మ పుస్తెలతాడు మీద తెచ్చిన అప్పు. తెమ్మంటే ఏమవుతుందో, వద్దంటే ఏం పోతుందో తెలియదు.

భాష తెలియకపోవడం ఈ బేరంలో పైకి కనిపించే చిక్కు. కనిపించనివి మరికొన్ని ఉన్నాయి. వాటిలో కొన్ని భాషకంటే పెద్దవి.

మోజు పాతదే

విదేశీ వీడియో సామాను మీద మోజు ఈ ప్రాంతానికి కొత్తది కాదు. 1982లో ఢిల్లీ ఆసియా క్రీడల సందర్భంగా దేశంలో రంగుల టీవీ ప్రసారాలు మొదలయ్యాయి. ఆ తర్వాత పట్నం నుంచి వీసీఆర్, కలర్ టీవీ అద్దెకు తెచ్చి రాత్రంతా మూడు సినిమాలు వేయించుకోవడం ఊరూరా వేడుక అయింది. మద్రాసులో బర్మా బజారుకు వెళ్లి ఫారిన్ టేపు రికార్డరు తెచ్చుకున్నవారిని ఊరంతా వింతగా చూసేది. బర్మా నుంచి తిరిగివచ్చిన వారి బతుకుతెరువు కోసం 1960ల చివర వెలిసిన అంగళ్లవి. రంగూన్‌కు వలసవెళ్లిన కుటుంబాలున్న శ్రీకాకుళం జిల్లాకు ఆ పేరు దగ్గరిదే.

కెమెరా, రికార్డరు ఒకే పెట్టెలో ఇమిడిన క్యామ్‌కార్డరును సోనీ కంపెనీ 1983లో బజారులోకి తెచ్చింది. బీటామూవీ అనే ఆ కెమెరాను భుజాన మోయాలి. మరుసటి ఏడు జేవీసీ చిన్న క్యాసెట్ కెమెరా తెచ్చింది. 1985లో హ్యాండీక్యామ్ పేరు వచ్చింది. 1995లో డిజిటల్ క్యాసెట్లు, తర్వాత మెమొరీ కార్డులు వచ్చాయి. పాత కెమెరాకు నాలుగు మీటలుంటే సరిపోయేది. వాటి బొమ్మలు చూసి పని నేర్చేవారు. ఇప్పటి కెమెరాలో సంగతంతా తెర మీది మెనూలోనే. అందుకే భాష ముఖ్యమైంది.

ఒకే కెమెరా, రెండు రూపాలు

సోనీ, పానసోనిక్ వంటి కంపెనీలు జపాన్ దేశంలో అమ్మడానికి తయారుచేసే అనేక మోడళ్లలో మెనూ జపనీసులో మాత్రమే ఉంటుంది. ఇతర దేశాలకు పంపే అదే తరహా మోడళ్లలో ఇంగ్లీషుతో పాటు మరికొన్ని భాషలుంటాయి. లోపలి యంత్రం దాదాపు ఒకటే అయినా మోడల్ నంబరులో ఒకటి రెండు అక్షరాలు తేడాగా ఉంటాయి. జపాన్‌లో చవగ్గా కొన్నది మరో దేశంలో అమ్ముడుపోకుండా ఈ ఏర్పాటు అడ్డుకట్ట వేస్తుంది.

అందువల్ల బావను మొదట అడగవలసింది ధర కాదు, మోడల్ నంబరు. ఆ నంబరుతో కంపెనీ వెబ్‌సైటులో వెతికితే తెర మీద ఏ భాషలు వస్తాయో తెలిసిపోతుంది. భాష మార్చుకునే సౌకర్యం ఉన్న కెమెరా అయితే గొడవే లేదు, రెండు నిమిషాల పని. ఆ సౌకర్యం అసలు లేని మోడల్‌కు మాత్రం బయట దొరికే సాఫ్ట్‌వేరుతో భాష మార్పిస్తామనే వారి మాట నమ్మి దిగడం ప్రమాదం. మధ్యలో తేడా వస్తే కెమెరా మళ్లీ వెలగకపోవచ్చు. అలా చెడినదాన్ని బాగుచేసే పూచీ కంపెనీ తీసుకోదు.

అక్షరం రాకున్నా ఆట కట్టదు

జపనీసు చూడగానే గుండె జారనక్కర్లేదు. ఆ మెనూల్లో ఇంగ్లీషు నుంచి వెళ్లిన మాటలు చాలా ఉంటాయి. మెన్యూ, మోడో, జూము, కమెరా అని చదువుతారు. మనవాళ్లు కారు, బస్సు అన్నట్టే అక్కడివారూ ఆ మాటలను తమ నాలుకకు తగ్గట్టు మలచుకున్నారు. మిగిలినవాటిలో రోజూ తగిలేవి పదిలోపే. రొకుగా అంటే రికార్డింగు. సైసేయ్ అంటే తీసినది తిరిగి చూడటం. సెత్తెయ్ అంటే సెట్టింగులు. మొదోరు అంటే వెనక్కి. హాయ్ అంటే అవును, ఈయే అంటే కాదు.

భయపడవలసిన మాటలు రెండే. సాకుజో అంటే చెరిపివేయడం. షోకికా అంటే కార్డు మొత్తం తుడిచి కొత్తగా చేయడం. ఈ రెండింటి ఆకారాలను కాగితం మీద పెద్దగా గీసి, ఎర్ర సిరాతో చుట్టి, కెమెరా సంచిలో పెట్టుకోవాలి. వాటి పక్కన 'హాయ్' నొక్కితే పెళ్లంతా పోయినట్టే.

చేతిలో ఉన్న ఫోను కూడా సాయపడుతుంది. గూగుల్ ట్రాన్స్‌లేట్ తెరిచి ఫోను కెమెరాను మెనూ వైపు తిప్పితే అక్షరాల స్థానంలో ఇంగ్లీషు కనిపిస్తుంది. అయితే యంత్రం అనువాదం కొన్నిచోట్ల తికమక పెడుతుంది. అంతకంటే నమ్మకమైన దారి మరొకటి ఉంది. ఇతర దేశాల్లో అమ్మే జోడు మోడల్‌కు ఇంగ్లీషు పుస్తకం కంపెనీ వెబ్‌సైటులో ఉచితంగా దొరుకుతుంది. రెంటిలోనూ మెనూ వరస చాలావరకు ఒకటే. పుస్తకాన్ని పక్కన పెట్టుకుని మూడోది, నాలుగోది అని లెక్కపెట్టుకుంటూ పోతే రెండు రోజుల్లో దారి తెలుస్తుంది.

ఇంట్లో కూర్చుని నేర్చుకోవడం ఒక ఎత్తు, పెళ్లిపందిట్లో వెతుక్కోవడం మరో ఎత్తు. పురోహితుడు మంగళసూత్రం అందుకోమన్నాక మెనూ కోసం ఫోను తీస్తే ఎవరూ ఆగరు. తాళి రెండోసారి కట్టరు.

గడియారం మూడున్నర గంటలు ముందు

జపాన్ కాలం మనకంటే మూడున్నర గంటలు ముందుంటుంది. గడియారం మార్చకుండా వాడితే రాత్రి 9.30 ముహూర్తం వీడియోలో అర్ధరాత్రి దాటి 1.00 గంటగా నమోదవుతుంది. అంటే పెళ్లి తేదీయే మారిపోతుంది! తేదీని కూడా అక్కడ ముందు సంవత్సరం, తర్వాత నెల, చివర రోజుగా రాస్తారు. చూడటానికి చిన్న సంగతి. కానీ పెళ్లివారి ముందు మాట పడేది ఇలాంటి చోటే. కెమెరా చేతికి రాగానే సరిచేయవలసిన మొదటి అమరిక ఇది.

ట్యూబులైట్ల కింద నల్లచారలు

భాష కంటే పెద్ద చిక్కు బొమ్మల లెక్కలో ఉంది. మన దేశంలో టీవీ పద్ధతి పాల్, సెకనుకు 25 బొమ్మలు. జపాన్, అమెరికాలది ఎన్‌టీఎస్‌సీ, సెకనుకు దాదాపు 30 బొమ్మలు. అమెరికాలో ఉన్న అబ్బాయి పంపిన క్యాసెట్ మన పాత వీసీఆర్‌లో రంగు పోయి, వణుకుతూ కనిపించడానికి ఈ తేడాయే కారణం. ఇప్పటి టీవీలు, కంప్యూటర్లు రెంటినీ చూపిస్తాయి. కాబట్టి చూడటానికి ఇబ్బంది లేదు. తీయడంలో ఉంది.

మన కరెంటు 50 సైకిళ్లది. దాని మీద వెలిగే పాతరకం చోక్ ట్యూబులైటు సెకనుకు 100 సార్లు పెరిగి తగ్గుతుంది. మన కంటికి అది తెలియదు. సెకనుకు 60 వంతున పట్టే కెమెరాకు ఆ లెక్క కుదరదు. ఒక బొమ్మలో వెలుగు ఎక్కువ, మరొకదానిలో తక్కువ పడుతుంది. తెర మినుకుమినుకుమంటుంది, నల్లచారలు పైకీ కిందికీ పాకుతాయి. పందిరికి కట్టే చవకరకం సీరియల్ లైట్ల కిందా ఈ బాధ ఉంటుంది.

దీనికి మందు ఉంది. షట్టరు వేగాన్ని సెకనులో 100వ వంతుకు బిగిస్తే ప్రతి బొమ్మకూ సమానంగా వెలుగు అంది చారలు సర్దుకుంటాయి. జపాన్‌లోనూ ఈ తిప్పలున్నాయి. 1890ల్లో టోక్యో వారు జర్మనీ నుంచి 50 సైకిళ్ల జనరేటర్లు, ఒసాకా వారు అమెరికా నుంచి 60 సైకిళ్లవి తెప్పించారు. నేటికీ ఆ దేశంలో తూర్పున ఒక లెక్క, పడమరన మరొక లెక్క. అయితే షట్టరును చేత్తో మార్చే వీలు కెమెరాలో ఉండాలి. అంతా తనకు తానే చూసుకునే చిన్న కెమెరాల్లో చాలావాటికి అది ఉండదు.

ఇద్దరు ముగ్గురు కలిసి పెళ్లి తీసేచోట మరో పేచీ వస్తుంది. ఒకరి కెమెరా 25, ఇంకొకరిది 30 అయితే ఎడిటింగులో రెండూ కలిపినప్పుడు నడక కుదుపుగా ఉంటుంది. జోడెద్దుల్లో ఒకటి పరుగు, ఒకటి నడక అన్నమాట.

ఛార్జరు వెనక చిన్న అక్షరాలు

జపాన్ ఇళ్లలో కరెంటు 100 వోల్టులు, మన దగ్గర 230. ఛార్జరు వెనక 100 నుంచి 240 వోల్టులు అని ఉంటే దిగులు లేదు. పలచటి రెండు పిన్నులకు సరిపడే అడాప్టరు కొంటే చాలు. 100 మాత్రమే ఉంటే మన ప్లగ్గులో నేరుగా పెట్టకూడదు. స్టెప్‌డౌన్ ట్రాన్స్‌ఫార్మరు తప్పనిసరి. ఈ అక్షరాలను ఫొటో తీసి పంపమని బావకు చెప్పడం పైసా ఖర్చులేని జాగ్రత్త.

విమానంలో తెచ్చేవారు విడి లిథియం బ్యాటరీలను చేతిసంచిలోనే పెట్టుకోవాలి. లగేజీలో వేయరాదు.

సుంకం, మరమ్మతు

చవక అన్నది అక్కడి ధర. ఇల్లు చేరేసరికి ఎంతవుతుందన్నదే అసలు లెక్క. విదేశం నుంచి వచ్చే ప్రయాణికుడు సుంకం లేకుండా తెచ్చుకోగల సామాను విలువను 2016 నిబంధనల్లో చాలా దేశాల నుంచి వచ్చేవారికి 50,000 రూపాయలుగా పెట్టారు. ఈ అంకెలు మారుతుంటాయి కనుక టిక్కెట్టు తీసుకునే నాటికి అమల్లో ఉన్నది కస్టమ్స్ వెబ్‌సైటులో చూసుకోవాలి. పరిమితి దాటిన విలువకు సుంకం కట్టాలి. కొన్న రసీదు దగ్గర ఉంచుకోవడం మేలు. పార్సిలులో గిఫ్టు అని రాసి పంపితే సుంకం పడదనుకోవడం పొరపాటు. 2019 డిసెంబరులో ఆ వెసులుబాటును మందులు, రాఖీల వంటివాటికే పరిమితం చేశారు.

జపాన్‌లో అమ్మిన కెమెరాకు ఇచ్చే గ్యారంటీ సాధారణంగా ఆ దేశంలోనే చెల్లుతుంది. సెకండ్ హ్యాండు దానికి అదీ ఉండదు. లెన్సు బిగుసుకున్నా, తెర ఆరిపోయినా శ్రీకాకుళం దాటి విశాఖకు, అక్కడా కుదరకపోతే హైదరాబాదుకు పరుగెత్తాలి. ఇక్కడ అమ్మని మోడల్‌కు విడిభాగాలు దొరకడం కష్టం. సీజను మధ్యలో కెమెరా నెలరోజులు మూలపడితే చవగ్గా కొన్నందువల్ల మిగిలినది అద్దె కెమెరాకే పోతుంది. మళ్లీ అమ్ముదామన్నా, చదవలేని మెనూ ఉన్నదాన్ని కొనేవారు సగం ధరే అడుగుతారు.

ఎవరికి మేలు? ఎవరికి చేటు?

పిల్లల ఆటలు, తాతమ్మ మాటలు, సంక్రాంతి సందడి దాచుకోవాలనుకునే కుటుంబానికి ఇలాంటి కెమెరా పనికొస్తుంది. పగటి వెలుగులో తీసేదానికి చారల బాధ లేదు. మెనూ తీరిగ్గా నేర్చుకోవచ్చు. ఒక రోజు ఆగిపోయినా ఎవరికీ అన్యాయం జరగదు. అయితే ఇంట్లో ఉన్న ఫోను ఆ పని ఎంతవరకు చేస్తోందో చూసుకున్నాకే డబ్బు తీయాలి.

ఇప్పటికే మంచి కెమెరా ఉండి, రెండోది కావాలనుకునే స్టూడియోవారు షట్టరు మార్చే వీలు, 25 బొమ్మల లెక్కకు మారే వీలు రెండూ ఉన్న మోడల్ అయితే ఆలోచించవచ్చు. కొత్తగా వృత్తిలోకి దిగుతూ, అప్పు చేసి, ఆ ఒక్క కెమెరా మీదే పెళ్లిళ్లు ఒప్పుకోబోయే కుర్రాడికి మాత్రం ఇది తగిన బేరం కాదు. అతనికి ఇక్కడ కొన్నది, ఇక్కడ బాగయ్యేది, ఇంగ్లీషు మెనూ ఉన్నది కాస్త పాతదైనా మేలు. ఖరీదు ఎక్కువనిపిస్తే మొదటి సీజను అద్దె కెమెరాతో గడిపి, పని కుదిరాక కొనుక్కోవచ్చు.

'తెమ్మను' అనేముందు...

1. మోడల్ నంబరు పూర్తిగా, చివరి అక్షరాలతో సహా తెప్పించుకోవాలి.
2. మెనూలో ఇంగ్లీషు ఉందో లేదో బావను తెర ఫొటో తీసి పంపమనాలి.
3. షట్టరు వేగం చేత్తో మార్చవచ్చునా అని పుస్తకంలో చూడాలి.
4. సెకనుకు 25 బొమ్మల లెక్కకు మారుతుందేమో కనుక్కోవాలి.
5. ఛార్జరు వెనక వోల్టులు చదివించుకోవాలి.
6. సుంకం, అడాప్టరు, అదనపు బ్యాటరీ కలిపి మొత్తం ధర వేసి, అదే డబ్బుకు శ్రీకాకుళంలో, విశాఖలో ఏమొస్తుందో అడగాలి.
7. కెమెరా వచ్చాక నాలుగు రాత్రులు ఇంటి ట్యూబులైటు కింద తీసి చూడాలి. ఆ తర్వాతే పెళ్లివారి దగ్గర బయానా పుచ్చుకోవాలి.