ఏడుపుకు జీతం ఇచ్చేదెవరు?

మీ ఇంట్లో రెండేళ్ల తమ్ముడు గాని చెల్లాయి గాని ఉంటే ఈ దృశ్యం మీకు కొత్త కాదు. కొట్లో బిస్కెట్ల డబ్బా కనబడుతుంది. "అది కావాలి" అంటాడు తమ్ముడు. "ఇప్పుడు కాదు" అంటుంది అమ్మ. వాడు రాగం అందుకుంటాడు. రాగం ఆరున్నొక్క శ్రుతికి చేరుతుంది. నేలమీద పడి దొర్లుతాడు. పదిమందీ తిరిగి చూస్తారు. అమ్మ విసిగిపోయి, "ఇదిగో, నా ప్రాణం తీయకు" అంటూ ఒక బిస్కెట్టు చేతిలో పెడుతుంది. ఏడుపు ఠక్కున ఆగిపోతుంది.

ఇప్పుడు చెప్పండి, ఇక్కడ ఎవరు ఎవరికి పాఠం నేర్పారు?

గట్టిగా, చాలాసేపు ఏడిస్తే బిస్కెట్టు వస్తుందని తమ్ముడు నేర్చుకున్నాడు. బిస్కెట్టు ఇస్తే ఏడుపు ఆగుతుందని అమ్మ నేర్చుకుంది. ఇద్దరికీ చేసిన పనికి జీతం ముట్టింది! కాబట్టి రేపు కూడా ఇద్దరూ అదే పని చేస్తారు. వాడు మొండివాడూ కాదు, అమ్మ చేతకానిదీ కాదు.

ఒక పని చేసిన వెంటనే వచ్చే ఫలితం వల్ల ఆ పని మళ్లీ మళ్లీ జరుగుతూ ఉంటే, ఆ ఫలితాన్ని మనస్తత్వ శాస్త్రంలో పునర్బలనం అంటారు. తమ్ముడికి కావలసింది వచ్చింది. అది ధన పునర్బలనం. అమ్మకు బాధ కలిగిస్తున్నది తొలగిపోయింది. అది ఋణ పునర్బలనం. ఋణం అనగానే దండన అనుకుంటారు చాలామంది. పెద్ద చదువులు చదివినవాళ్లు కూడా ఇక్కడ పొరబడుతుంటారు. గణితంలో లాగానే ధనం అంటే కలపడం, ఋణం అంటే తీసివేయడం. రెండిట్లోనూ అలవాటు బలపడుతుంది.

ఈ సంగతిని ఎలుకల దగ్గర నేర్చుకున్నవాడు అమెరికన్ శాస్త్రజ్ఞుడు బి. ఎఫ్. స్కిన్నర్ (1904–1990). 1930 ప్రాంతంలో ఆయన హార్వర్డ్ విశ్వవిద్యాలయంలో ఒక పెట్టె తయారు చేశాడు. అందులో ఒక మీట. ఎలుక మీట నొక్కితే ఒక తిండి గుళిక పడుతుంది. ఎలుక ఎప్పుడెప్పుడు నొక్కిందో కాగితం మీద గీత రూపంలో నమోదవుతుంది. ఒకరోజు ఆయన లేని సమయంలో గుళికలు పడే గొట్టంలో ఏదో అడ్డుపడింది. ఎలుక నొక్కుతూనే ఉంది, గుళిక రాలేదు. ఆయన తిరిగి వచ్చి చూస్తే కాగితం మీద చక్కటి వక్రరేఖ! ఫలితం ఆగిపోయాక ఎలుక నొక్కడం ఎలా తగ్గుతూ వస్తుందో ఆ గీత చెబుతోంది. శుక్రవారం సాయంకాలం కావడంతో చెప్పుకోవడానికి ప్రయోగశాలలో ఎవరూ లేరు. ఈ సంగతి ఎవరికీ చెప్పకుండానే తాను చచ్చిపోతానేమోనని ఆ రెండు రోజులూ రోడ్డు దాటేటప్పుడు ఎంతో జాగ్రత్త పడ్డానని ఆయనే తరువాత రాసుకున్నాడు.

నూనె పోయడం మానేస్తే దీపం కొండెక్కుతుంది. పునర్బలనం ఆగిపోతే అలవాటూ అంతే. అయితే ఆరిపోయే దీపానికి వెలుగెక్కువ అంటారే, అది ఇక్కడ అక్షరాలా నిజం. తగ్గబోయే ముందు ఆ పని చాలాసార్లు ఒక్కసారిగా పెరుగుతుంది. మీరే చూడండి: స్విచ్చి వేస్తే ఫ్యాను తిరగలేదు. వెంటనే ఊరుకుంటారా? టపటపా నాలుగుసార్లు వేసి చూస్తారు.

దీనికి ఒక పసివాడి ఉదాహరణ చెబుతాను. 1959లో విలియమ్స్ అనే అమెరికన్ శాస్త్రజ్ఞుడు ప్రకటించినది. ఆ పిల్లవాడి వయస్సు 21 నెలలు. మొదటి ఏడాదిన్నర జబ్బుతో గడిచింది. ఇంట్లో అందరూ కళ్లలో వత్తులు వేసుకుని కాపాడారు. జబ్బు తగ్గింది గాని అలవాటు మిగిలింది. నిద్రపోయేదాకా ఎవరో ఒకరు పక్కన ఉండవలసిందే. కదిలితే కేకలు. కూర్చుని పుస్తకం చదువుకున్నా కేకలే! ఇలా రోజూ అరగంట నుంచి రెండు గంటలు. డాక్టర్లు చూసి, ఇప్పుడు ఒంట్లో ఏ లోపమూ లేదని తేల్చాక, తల్లిదండ్రులు ఒక నిర్ణయానికి వచ్చారు. ప్రేమగా పడుకోబెట్టి, తలుపు వేసి వచ్చేయాలి. మళ్లీ లోపలికి వెళ్లకూడదు. మొదటిసారి 45 నిమిషాలు ఏడ్చాడు. తరువాత తగ్గుతూ వచ్చి, పదోసారికి ఏడవకపోగా నవ్వుతూ పడుకున్నాడు.

కథ ఇక్కడితో అయిపోలేదు. ఓ వారం తరువాత పిన్నో అత్తో పడుకోబెట్టినప్పుడు కాస్త గునిశాడు. ఆవిడ మనసు కరిగింది. లోపలికి వెళ్లి, నిద్రపోయేదాకా కూర్చుంది. అంతే, ఏడుపు మళ్లీ మొదటికి వచ్చింది! మళ్లీ మొదటినుంచీ ఆర్పవలసి వచ్చింది. ఆ తరువాత రెండేళ్లలో ఆ సమస్య రాలేదట.

ఒక్కసారి ఇస్తే ఇంత నష్టమా? ఇక్కడ మళ్లీ స్కిన్నర్ దగ్గరికి వెళ్లాలి. ఆయన ఎలుకలు ఎనిమిది, ఒక్కొక్కటీ రోజుకు వంద గుళికలు తినేది. 800 గుళికలు ఆయనే తయారుచేసుకోవాలి. ఒక శనివారం లెక్క చూసుకుంటే సోమవారం పొద్దుటికి సరుకు ఖాళీ. సెలవు పాడుచేసుకోవడం ఇష్టంలేక, ప్రతి నొక్కుడికీ ఇవ్వడం మాని, నిమిషానికి ఒక్క గుళిక చొప్పున ఇచ్చాడు. ఎలుకలు మానలేదు సరికదా, నిలకడగా నొక్కుతూనే ఉన్నాయి. అప్పుడప్పుడు మాత్రమే ఫలితం దక్కిన అలవాటు, ఎప్పుడూ దక్కిన అలవాటుకన్నా మొండిదని తరువాతి ప్రయోగాల్లో తేలింది. లాటరీ టిక్కెట్లు కొనేవాళ్లు అందుకే ఒక పట్టాన మానరు. పదిసార్లు కాదని పదకొండోసారి ఇచ్చే ఇంట్లో మారాం గట్టిపడేదీ అందుకే.

"ఇంత గొడవెందుకు, రెండు తగిలిస్తే సరి" అంటారేమో. అదీ చూశారు. మీట నొక్కినప్పుడు ఎలుక కాళ్లమీద కొట్టే ఏర్పాటు చేశాడు స్కిన్నర్. కొంతసేపు నొక్కడం తగ్గింది. దెబ్బలు ఆగాక, దెబ్బలు తినని ఎలుకలతో లెక్క సమానమైపోయింది. తీవ్రమైన దండన పనిని ఆపగలదని తరువాత ఇతరులు చూపిన మాట నిజమే. కాని దండనవల్ల ఏది చేయకూడదో తెలుస్తుంది గాని, ఏది చేయాలో తెలియదు. పైగా పిల్లవాడు కొట్టేవాళ్లను చూసి భయపడడం, అబద్ధమాడడం కూడా నేర్చుకుంటాడు.

ఇక చెయ్యవలసినది ఎలా నేర్పాలి? 1964లో వుల్ఫ్, రిస్లీ, మీస్ అనే ముగ్గురు ప్రకటించిన ఉదాహరణ వినండి. డికీ అని వాళ్లు పేరు పెట్టిన మూడున్నరేళ్ల ఆటిజం ఉన్న బాలుడు. శుక్లాలవల్ల కళ్లలోని కటకాలు తీసేశారు. ఆరునెలల్లో కళ్లజోడు పెట్టుకోవడం మొదలుపెట్టకపోతే చూపు శాశ్వతంగా పోతుందని కంటి డాక్టరు చెప్పాడు. వాడేమో జోడు ముఖం దగ్గరికే రానివ్వడు. అందుకని అద్దాలు లేని ఉత్త ఫ్రేములు గదిలో అక్కడక్కడా పెట్టారు. ముట్టుకుంటే ఒక ముద్ద తిండి. తరువాత చేత్తో పట్టుకుంటేనే. ఆ తరువాత కళ్లవైపు తెస్తేనే. కుమ్మరి మట్టిని మలచినట్లు మెల్లమెల్లగా మలచారు. ఆస్పత్రి నుంచి వెళ్లే నాటికి డికీ రోజుకు 12 గంటలు కళ్లజోడుతో ఉండేవాడు. చూపు నిలిచింది. ఒక్క మాట మాత్రం చెప్పాలి. ఆనాడు పిల్లవాడు తినవలసిన ఫలహారాన్నే బహుమానంగా వాడారు. ఆకలిని పనిముట్టుగా చేసుకోవడం ఈనాడు ఎవరూ మెచ్చరు.

1968లో ఈ విద్యకు ఒక ప్రత్యేక పత్రిక పుట్టింది. అనువర్తిత ప్రవర్తనా విశ్లేషణ అనే పేరు స్థిరపడింది. దీని మీద విమర్శలూ తక్కువేమీ కాదు. తమను తమలా ఉండనివ్వకుండా గంటల తరబడి "అందరిలా" మార్చజూశారని ఆటిజం ఉన్నవాళ్లలో అనేకులు పెద్దయ్యాక చెప్పారు. అది వినవలసిన మాట. మార్చవలసినది ఏది, అది ఎవరి మేలుకోసం అనేది ఎలుకల పెట్టె చెప్పదు.

ఈ విద్యలో నాకు అన్నిటికన్నా నచ్చినది 1985 నాటి పరిశోధన. కార్, డ్యూరాండ్ అనే ఇద్దరు, పిల్లల అల్లరి వెనక ఏ అవసరం ఉందో ముందు కనుక్కున్నారు. పాఠం కష్టమై అల్లరి చేసేవాడికి "నాకు అర్థం కావడం లేదు" అనడం నేర్పారు. అల్లరి తగ్గిపోయింది. అదే పని ఒక్క మాటతో జరుగుతుంటే, నేలమీద దొర్లే శ్రమ ఎందుకు?

మీరూ ఒక పరిశీలన చేయండి. నోటుపుస్తకంలో మూడు గడులు గీసి "ముందు", "పని", "తర్వాత" అని రాయండి. తమ్ముడు ఏడ్చినప్పుడల్లా ఏడుపుకు ముందు ఏం జరిగిందో, ఎంతసేపు ఏడ్చాడో, తర్వాత ఏం దొరికిందో రాస్తూ పోండి. వారంపాటు దేన్నీ మార్చకండి, ఊరికే రాయండి. ఏడో రోజున "తర్వాత" అనే గడిలో ఏ మాట ఎక్కువసార్లు వచ్చిందో లెక్కపెట్టండి. అది "బిస్కెట్టు" కాకపోవచ్చు. "అమ్మ పని ఆపి వచ్చి ఎత్తుకుంది" అని ఉండవచ్చు.