ఫోన్లు రివ్యూ చేయడం సరే, కొత్త ప్రొడక్ట్ తయారుచేయడం ఎలా నేర్పిస్తారు? వరంగల్‌లో ఎంటెక్ చేసిన అనుభవం

నెలకు ఒక్కసారైనా నాకు ఈ మెసేజ్ వస్తుంది: "అన్నా, బీటెక్ అయిపోయింది. గ్యాడ్జెట్లంటే పిచ్చి. వాటిని తయారుచేయడం నేర్పే కోర్సు ఏదైనా ఉందా?"

ఉంది. ఆ సబ్జెక్టును న్యూ ప్రొడక్ట్ డెవలప్‌మెంట్ అంటారు, పొట్టిగా ఎన్‌పీడీ. వరంగల్‌లో ఎంటెక్ చేసేటప్పుడు నేను చదివాను. ఏ ఫోన్‌లో ఏ ప్రాసెసర్ ఉందో నిద్రలో లేపి అడిగినా చెప్పే నాలాంటివాడికి మొదటి సెమిస్టర్‌లోనే గట్టి దెబ్బ తగిలింది. మీరు రెండేళ్లు ఖర్చు పెట్టే ముందు ఆ దెబ్బ ఏంటో తెలుసుకుంటే మంచిది.

మీ అందరికీ గుర్తుండే కేసుతో మొదలుపెడతా. 2019 ఏప్రిల్‌లో శాంసంగ్ గెలాక్సీ ఫోల్డ్ రివ్యూయర్ల చేతికి వచ్చింది. కొద్ది రోజుల్లోనే కొన్ని స్క్రీన్లు పోయాయి. 2 లక్షల సార్లు మడిచినా తట్టుకుంటుందని కంపెనీ అప్పటికే చెప్పింది, మిషన్లతో మడిచిన వీడియో కూడా చూపించింది. ఆ టెస్ట్‌లో మోసమేం లేదు. కానీ మిషన్ మడుస్తుంది, తెరుస్తుంది, అంతే. కొత్త ఫోన్ చేతికి రాగానే మనం చేసే మొదటి పని ఏంటి? స్క్రీన్ మీది ప్లాస్టిక్ పొరను గోరుతో పీకేయడం. ఫోల్డ్ మీది పొర చూడటానికి అచ్చం ప్యాకింగ్ కవర్‌లాగే ఉంది, కానీ అది డిస్‌ప్లేలో భాగం. కొందరు పీకేశారు, స్క్రీన్ పోయింది. ఇంకొన్నింటిలో హింజ్ కొసన ఉన్న సందులోంచి నలుసులు లోపలికి దూరాయి. ఏప్రిల్ 26న రావాల్సిన ఫోన్ సెప్టెంబర్‌కు జరిగింది. ఈసారి పొర అంచుల్ని బెజెల్ కిందికి దాచారు, హింజ్ కొసలకు మూతలు పెట్టారు.

అంత పెద్ద కంపెనీకి మనిషి గోరు గుర్తుకు రాలేదు. ఎన్‌పీడీలో సగం చదువు ఇలాంటి వాటి గురించే.

క్లాసులో ఏం చెప్తారు

ఈ సబ్జెక్టుకు ప్రపంచమంతా ఎక్కువగా వాడే పుస్తకం కార్ల్ ఉల్రిచ్, స్టీవెన్ ఎప్పింగర్ రాసిన 'ప్రొడక్ట్ డిజైన్ అండ్ డెవలప్‌మెంట్'. మొదట 1995లో వచ్చింది. కస్టమర్‌కు ఏం కావాలో కనుక్కోవడం, దాన్ని కొలవగలిగే అంకెలుగా మార్చడం, పది కాన్సెప్టులు గీయడం, అందులో తొమ్మిదింటిని కారణం రాసి మరీ పక్కన పెట్టడం, మిగిలినదాన్ని టెస్ట్ చేయడం, ఆ తర్వాత ఫ్యాక్టరీకి పంపడం. వరస ఇంతే. వినడానికి చప్పగా ఉంటుంది, ఒప్పుకుంటా. క్యాడ్ సాఫ్ట్‌వేర్ తెరవడానికే నెలన్నర పట్టింది. అప్పటిదాకా ఇంటర్వ్యూలు చేయడం, స్టిక్కీ నోట్లు అంటించడం.

అందులో ఒక రూలు మాత్రం ఇప్పటికీ నా రివ్యూల్లో పనికొస్తోంది. అవసరాన్ని రాసేటప్పుడు 'ఏం చేయాలి' అని రాయాలి, 'ఎలా చేయాలి' అని రాయకూడదు. "6000 ఎంఏహెచ్ బ్యాటరీ కావాలి" అనేది అవసరం కిందికి రాదు, అప్పటికే ఎంచుకున్న జవాబు. "పొద్దున తీసేసిన ఛార్జర్‌ను రాత్రి దాకా ముట్టుకోవద్దు" అనేది అసలు అవసరం. దీనికి పెద్ద బ్యాటరీ ఒక దారి, తక్కువ కరెంట్ తాగే మోడెమ్ ఇంకో దారి. మొదటి వాక్యం రాసుకున్న టీమ్‌కు రెండో దారి కనిపించదు.

ఎనుమాముల మార్కెట్‌లో మా గ్యాడ్జెట్

మా టీమ్‌లో నలుగురం. ఊరు వరంగల్, సీజన్ పత్తి. అందుకని పత్తిలో తేమ కొలిచే చిన్న మీటర్ చేద్దామనుకున్నాం. తేమ శాతం మీద రైతు రేటు ఎంత ఆధారపడుతుందో తెలియనివాళ్లకు ఒక మాట: సీసీఐ మద్దతు ధర పూర్తిగా రావాలంటే తేమ 8 శాతం దాటకూడదు. అక్కడి నుంచి 12 దాకా ఎంత ఎక్కువుంటే అంత కోత. 12 దాటితే కొనరు. బండి కిరాయి పెట్టుకుని వచ్చిన రైతు సరుకుతో వెనక్కి పోవాలి, లేదా దొరికిన రేటుకు అమ్ముకోవాలి.

మా ఐడియా మీరు ఊహించే ఉంటారు. బ్లూటూత్, యాప్, క్లౌడ్‌లో గ్రాఫ్, ఓలెడ్ డిస్‌ప్లే. అన్‌బాక్సింగ్‌కు పనికొచ్చే బాక్స్ కూడా గీశాం.

ఎనుమాముల యార్డులో తెల్లవారుజామున వరసగా నిలబడ్డ బండ్ల మధ్య తిరుగుతూ రైతుల్ని అడగడం మొదలుపెట్టాం. ఒక పెద్దాయన మా స్కెచ్ అటూ ఇటూ తిప్పి చూసి అన్నమాట నాకింకా గుర్తుంది. "బిడ్డా, నీ మిషన్ పది అన్నది. రేపు కాంట కాడ మిషన్ పదమూడు అన్నదనుకో. నేను ఎవ్వలితోని కొట్లాడాలె?"

మేం ఒకరి మొహం ఒకరు చూసుకున్నాం. కచ్చితంగా కొలవడం ఒక్కటే సరిపోదని అప్పుడర్థమైంది. కొనేచోట ఉన్న మీటర్ ఎంత చూపిస్తుందో మాదీ అంతే చూపించాలి. ఇంకో గంట మాట్లాడితే ఇంకొకటి బయటపడింది. ఆయనకు అంకె కూడా అక్కర్లేదు. ఇవాళ బండి కట్టాలా, ఇంకో రెండు రోజులు ఎండబెట్టాలా? అంతే కావాలి. గ్రాఫ్, యాప్, క్లౌడ్ అన్నీ ఆ సాయంత్రమే తీసేశాం. మూడు లైట్లు మిగిలాయి.

తర్వాత అసలు ఇంజనీరింగ్ మొదలైంది. ఇలాంటి మీటర్లలో చాలావరకు రెండు పిన్నుల మధ్య రెసిస్టెన్స్ కొలుస్తాయి. తేమ పెరిగితే రెసిస్టెన్స్ తగ్గుతుంది. సింపుల్ కదా? ఒకే సంచిలో పత్తిని ముగ్గురం విడివిడిగా కొలిస్తే మూడు రీడింగులు వచ్చాయి. వారం రోజులు సర్క్యూట్‌ను తిట్టుకున్నాం. తప్పు సర్క్యూట్‌ది కాదు, మా చేతులది. గట్టిగా అదిమితే పీచు దగ్గరికొచ్చి కరెంట్ సులువుగా పారుతుంది, తేమ ఎక్కువ చూపిస్తుంది. చివరికి చిన్న గిన్నె, దానికి స్ప్రింగ్ మూత పెట్టాం. ఎవరు మూసినా ఒకే ఒత్తిడి పడుతుంది. ఖరీదైన సెన్సర్ చేయలేని పని ఆ స్ప్రింగ్ చేసింది.

గోరు, చెయ్యి. ఎక్కడ తిరిగినా మళ్లీ మనిషి దగ్గరికే వస్తాం.

3డీ ప్రింటర్ నేర్పించే తప్పుడు పాఠం

కేసింగ్‌ను 3డీ ప్రింట్ చేసి, ఫొటోలు దిగి, పనైపోయింది అనుకున్నాం. మాన్యుఫాక్చరింగ్ సార్ దాన్ని చేతిలోకి తీసుకుని, "దీన్ని అచ్చులోంచి ఎలా తీస్తావ్?" అని అడిగారు. గోడలు నిట్టనిలువుగా ఉన్నాయి. ప్రింటర్ పొర మీద పొర వేస్తుంది కాబట్టి దానికి ఇబ్బంది లేదు. వేలల్లో చేయాలంటే ఇంజెక్షన్ మోల్డింగ్‌కు వెళ్లాలి. కరిగిన ప్లాస్టిక్‌ను ఉక్కు అచ్చులోకి కొట్టి, చల్లారాక బయటికి నెట్టాలి. గోడకు ఒకటి రెండు డిగ్రీల వాలు లేకపోతే వస్తువు అచ్చును అంటుకుని రాదు, వచ్చినా గీతలు పడుతుంది. లోపల మందంగా పక్కటెముక పెడితే, అది చల్లారేటప్పుడు బయటివైపు చిన్న గుంట పడుతుంది. మీ దగ్గర చవక పవర్‌బ్యాంక్ ఉంటే లైటు కింద ఏటవాలుగా పట్టి చూడండి, ఆ గుంటలు కనిపించొచ్చు. అచ్చుకు లక్షల్లో అవుతుంది. కోసిన తర్వాత మార్చాలంటే మళ్లీ డబ్బు.

అందుకే ఫోన్ కంపెనీలు ఈవీటీ, డీవీటీ, పీవీటీ అని మూడు గడపలు పెట్టుకుంటాయి. మొదటిదాంట్లో బోర్డు పనిచేస్తుందా, రెండోదాంట్లో అసలు రూపంలో వేడికీ దెబ్బలకూ తట్టుకుంటుందా, మూడోదాంట్లో ఫ్యాక్టరీ లైన్ మీద అదే నాణ్యతతో వస్తుందా అని చూస్తారు. లీకుల్లో మనం చూసే ప్రోటోటైప్ ఫోన్లు ఎక్కువగా ఈ మధ్య దశలవే.

మా మీటర్ అచ్చు దాకా పోలేదు. చివరి వైవాలో ఒకే ప్రశ్న వచ్చింది: "రెండో సీజన్‌కు దీన్ని ఎవరు క్యాలిబ్రేట్ చేస్తారు?" మా దగ్గర జవాబు లేదు. ఏడాదికి మూడు నెలలు వాడే వస్తువు కోసం రైతు హనుమకొండ దాకా సర్వీస్‌కు రాడు. ఒక్కో రైతుకు అమ్మే బదులు ఊరికొకటి, రైతు సంఘానికి ఇస్తే లెక్క కుదిరేదేమో. ఆ ఆలోచన మాకు రిపోర్టు ఇచ్చాక వచ్చింది.

డిగ్రీ లేకుండా చేసినవాళ్లు లేరా?

ఉన్నారు, పక్కనే. వరంగల్ నుంచి రైల్లో హైదరాబాద్ వెళ్తుంటే ఆలేరు వస్తుంది. చింతకింది మల్లేశం అక్కడివారే. చీరకు ఆసు పోయడానికి రోజూ వేలసార్లు చెయ్యి ఆడించే వాళ్లమ్మ భుజం నొప్పి చూడలేక, హైస్కూల్ చదువు కూడా లేకుండా ఏళ్ల తరబడి కుస్తీ పట్టి 1999లో ఆసు యంత్రం పూర్తి చేశారు. 2017లో పద్మశ్రీ వచ్చింది. అవసరం ఏంటో ఆయన ఇంటర్వ్యూ చేసి తెలుసుకోనక్కర్లేదు, ఇంట్లోనే కళ్లముందు ఉంది. మనకు అలాంటి అవసరం కళ్లముందు లేనప్పుడు దాన్ని వెతికే పద్ధతి, డబ్బు పోకముందే తప్పు పట్టుకునే పద్ధతి కోర్సులో దొరుకుతాయి. పట్టుదల మాత్రం సిలబస్‌లో ఉండదు.

చేరాలంటే

వరంగల్ అనగానే అందరూ అడిగేది ఎన్‌ఐటీ గురించే. 1959లో రీజనల్ ఇంజనీరింగ్ కాలేజీగా మొదలై, 2002లో ఎన్‌ఐటీ అయింది. ఏ ఎన్‌ఐటీలో అయినా ఎంటెక్‌కు గేట్ రాసి, సీసీఎంటీ కౌన్సెలింగ్‌కు వెళ్లాలి. డిగ్రీ పేరు చూసి మోసపోకండి. ఎన్‌పీడీ చాలాచోట్ల మెషీన్ డిజైన్, మాన్యుఫాక్చరింగ్ లాంటి స్పెషలైజేషన్లలో ఒకటి రెండు పేపర్లుగా ఉంటుంది. చేరేముందు సిలబస్ పీడీఎఫ్ తెరిచి, ఎలెక్టివ్స్‌లో ఉందో లేదో, ల్యాబ్ ఉందో లేదో చూడండి. పేరుతో సహా ప్రొడక్ట్ డిజైనే కావాలంటే బెంగళూరు ఐఐఎస్‌సీలో ఎండెస్ ఉంది, గేట్ లేదా సీడ్ స్కోర్ కావాలి. ఐఐటీ హైదరాబాద్ ఎండెస్‌కు సీడ్ రాయాలి. గేట్ స్కోర్‌తో ఎంటెక్‌లో చేరితే స్టైపెండ్ వస్తుంది. నాకు నెలకు రూ. 12,400 వచ్చేది. మెస్ బిల్లు పోగా సెన్సర్లకు సరిపోయేది, అంతకుమించి ఆశపడొద్దు.

ఉద్యోగాల గురించి నిజం చెప్పాలి. తర్వాతి ఫ్లాగ్‌షిప్ ఎలా ఉండాలో గీసే కుర్చీ మొదటిరోజే దొరకదు. మనవాళ్లకు ఎక్కువగా దొరికేది ఎన్‌పీఐ ఇంజనీర్ పని, అంటే డిజైన్‌ను ఫ్యాక్టరీ లైన్ మీదికి ఎక్కించడం. శ్రీసిటీలో ఫాక్స్‌కాన్ 2015లోనే షావోమీ ఫోన్లు చేయడం మొదలుపెట్టింది, ఆ తర్వాత ఇలాంటి పనులు మన దగ్గరా పెరిగాయి. నా ఉద్దేశంలో నేర్చుకోవడానికి ఇంతకంటే మంచి చోటు లేదు. కానీ నైట్ షిఫ్టులుంటాయి, ఇన్‌స్టాగ్రామ్‌లో పెట్టుకునేంత అందంగా ఉండదు.

చేరాలా వద్దా అని ఊగిసలాడుతుంటే ముందు ఒక చిన్న ప్రాజెక్టు చేసి చూడండి. హైదరాబాద్‌లో 2023 మార్చిలో మొదలైన టీ-వర్క్స్ ప్రోటోటైపులు చేసుకోవడానికే పెట్టింది, కాజీపేటలో పొద్దున రైలెక్కితే సాయంత్రానికి చూసి రావచ్చు. సీడ్ జనవరిలో ఉంటుంది, గేట్ ఫిబ్రవరిలో. రెండింటి అప్లికేషన్లూ అంతకు చాలా నెలల ముందే మూసేస్తారు. నేను మొదటిసారి అలాగే ఒక ఏడాది పోగొట్టుకున్నా.